మా అత్త ఈదిన బుగ్గ

పోయిన నెలలో ఒక ఆదివారం మా అమ్మాయి ఆఫీసువాళ్ళు కుటుంబాలతో సహా రిసార్టుకు పోతుంటే నన్నూ వెంట తీసుకుపోయింది. నేను రానన్నాను, ఇంట్లో ఒక్కదానివే ఏం చేస్తావని బస్సెక్కించింది. బీదరు దాటి బగ్దల్ పోయే దారిలో కొంత దూరం వెళ్ళి, పక్కకు తిరిగి, ఎర్రమట్టి దిగుడులో బస్సు మెల్లగా దిగుతున్నప్పుడు గానీ ఎక్కడికి పోతున్నామో నాకు తెలియలేదు. అది మా ఊరి దారి. ఊళ్ళోకి పోకుండా, లోయలోకి కొత్తగా వేసిన రోడ్డు. అమ్మాయికి ఆ సంగతి తెలియదు. దాని చిన్నతనంలోనే మా పుట్టింటివాళ్ళు పొలమూ ఇల్లూ అమ్ముకుని బీదరు చేరారు. దానికి ఆ ఊరు గుర్తు లేదు.

గేటు దగ్గర బొట్టు పెట్టి, ప్లాస్టిక్ గ్లాసులో ఎర్రటి షర్బత్ ఇచ్చారు. లోపల ఫైబరు జింకలు రెండు, వాటి పక్కన ఫోటోలు దిగడానికి ఒక ఉయ్యాల. పాటలు పెట్టి, పైపుల్లోంచి నీళ్ళు చల్లుతుంటే పిల్లలూ పెద్దలూ ఎగురుతున్నారు. దాన్ని రెయిన్ డాన్స్ అంటారట. కొంచెం కిందికి పోతే నీలం రంగు పలకలు పరిచిన ఈత కొలను. వెనక గోడ దగ్గర ఒక ట్యాంకరు నిలబడి, లావాటి పైపుతో అందులోకి నీళ్ళు వదులుతోంది. కొలను పక్కన పెద్ద బోర్డు. ఇక్కడ పూర్వం రోగాలు నయం చేసే బుగ్గ ఉండేదనీ, రాజులు వచ్చి స్నానాలు చేసేవారనీ దాని మీద రాసి ఉంది. నాకు తెలిసినంతవరకు అక్కడ ఏ రాజూ స్నానం చేయలేదు.

మా మనవరాలు ఈత బట్టలు వేసుకుని వచ్చి, "అమ్మమ్మా, నీకు ఈత వచ్చా?" అని అడిగింది.

"వచ్చు," అన్నాను.

"ఎక్కడ నేర్చుకున్నవ్?"

నేను చెయ్యి చాపి పాటలు మోగుతున్న వైపు చూపించాను. అది అటు చూసి, నేను వేళాకోళం ఆడుతున్నాననుకుని నవ్వి, నీళ్ళలోకి దిగిపోయింది. నీళ్ళు దాని నడుము దాకా కూడా లేవు.

నాకు ఏమీ అనిపించలేదు. ఏదో ఒకటి అనిపించాలి కదా అని కొంతసేపు అక్కడే నిలబడి చూశాను. మందు కలిపిన నీళ్ళ వాసన ముక్కుకు తగిలింది. మధ్యాహ్నం ఒక డేరా కింద, కట్టెల పొయ్యి మీద ఒకామె జొన్నరొట్టెలు చేస్తుంటే జనం ఫోన్లలో వీడియోలు తీసుకుంటున్నారు. నేను కూడా పళ్ళెం పట్టుకుని వరసలో నిలబడ్డాను. రొట్టె బాగానే ఉంది. సాయంత్రానికి ఇల్లు చేరాం. రెండు మూడు రోజులు గడిచాక, వంటింట్లో పాలు కాస్తూ ఉంటే, మా అత్త గుర్తొచ్చింది.

మా వైపు నేలలోంచి నీళ్ళు వాటంతట అవే ఊరుతూ బయటికి వచ్చే చోటును బుగ్గ అంటారు. బీదరు మెట్ట అంతా ఎర్రరాయి. పైన పడ్డ వాన ఆ రాయిలోకి ఇంకి, ఎక్కడో అంచున, కింద నల్లరేగడి మొదలయ్యే చోట బయటపడుతుంది. మా బుగ్గ ఎర్రరాతి చరియ కింద, మనిషి వంగి దూరగలిగే గుహలోంచి వచ్చేది. ముందున్న మడుగులో నిండి, అక్కడినుంచి సన్నటి వాగై పొలాల్లోకి పోయేది. ఎండాకాలం ఆ నీళ్ళు పళ్ళు జిల్లుమనేంత చల్లగా ఉండేవి. చలికాలం పొద్దున గోరువెచ్చగా ఉండి పైన సన్నగా పొగ లేచేది. గుహ మూతి దగ్గర గబ్బిలాల కంపు, తడి రాతి వాసన, చుట్టూ ఉన్న సీతాఫలం చెట్ల ఆకుల ఘాటు, మూడూ కలిసి వచ్చేవి.

లోయ అంతా సీతాఫలం చెట్లే. అవి ఎవరివీ కావు. దసరా ముందు కన్ను విచ్చిన కాయలు కోసుకొచ్చి, జొన్నచొప్పలో దాచిపెట్టి మాగబెట్టేవాళ్ళం. ఎవరి కాయలు వాళ్ళు ఇంట్లో దాచుకుంటే అన్నలు తినేస్తారని, మేము పిల్లలం వేరేవాళ్ళ చొప్పవాముల్లో దాచేవాళ్ళం. ఒకసారి పక్కింటి బర్రె వాము కొసకు మూతి పెట్టి నా కాయలన్నీ తినేసింది. నేను ఏడుస్తుంటే మా నానమ్మ నవ్వి, "దాని పాలు మనమే తాగుతం గద బిడ్డా, ఎటుపోయినయి," అంది. ఆ నవ్వు నాకు కోపం తెప్పించింది. రెండు రోజులు ఆ ఇంటి పాలు తాగలేదు.

మా అత్త అంటే నాయిన చెల్లెలు. ఆమెకు పెళ్ళి కాలేదు. ఓణీ వేసుకునే వయసులో పెదవి పక్కన చిన్న తెల్లమచ్చ వచ్చిందట. బసవకళ్యాణ్ దగ్గరి నుంచి ఒక సంబంధం దాదాపు కుదిరి, వాళ్ళు చూడటానికి వచ్చేలోపల వేళ్ళ మీద కూడా వచ్చింది. వాళ్ళు మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయారని మా అమ్మ చెప్పేది. నాకు తెలివి వచ్చేసరికి ఆమె రెండు చేతులూ మోచేతుల దాకా, మెడ, ఒక కంటి చుట్టూ తెల్లగా ఉండేవి. మిగతా అంతా మా అందరిలాగే నల్లని చామనచాయ. మాకు అది వింతగా ఉండేది కాదు. అత్త అంటే అట్లాగే ఉంటుందనుకునేవాళ్ళం.

ఇంట్లో వంటంతా ఆమెదే. బయటివాళ్ళెవరైనా తినడానికి వస్తే మాత్రం నానమ్మ వడ్డించేది, అత్త పెరట్లో ఉండిపోయేది. ఆమె వండిందని వాళ్ళకు తెలుసు. ఆమె చేత్తో పెడితే తినరు. అట్లా అని ఎవరూ ఎప్పుడూ నోరు తెరిచి చెప్పలేదు.

కానీ ఊళ్ళో ఆడపిల్లలకు ఈత నేర్పింది ఆమే. తల్లులే తీసుకొచ్చి అప్పగించేవాళ్ళు. మోట బావుల్లో పడి పిల్లలు పోవడం మామూలుగా ఉన్న రోజులు, ఈత రావాలని అందరికీ ఉండేది. మగపిల్లలు ఎక్కడైనా నేర్చుకుంటారు. ఆడపిల్లలకు బుగ్గే, అత్తే. పొద్దున పాలు పితికే వేళకు వెళ్ళి, పశువులు తోలుకుపోయే వేళకు తిరిగి వచ్చేవాళ్ళం. ఆ కాసేపు మగవాళ్ళు అటు రాకూడదని ఊళ్ళో ఒక అలవాటు.

అత్త చీర కాసెపోసి కట్టి, కొంగు నడుముకు చుట్టి, చరియ అంచు నుంచి దూకేది. చప్పుడు తక్కువ. ఎక్కడో అవతల తేలేది. ఇంట్లో ఆమె గొంతు నేను పెద్దగా విన్న గుర్తు లేదు, నీళ్ళలో మాత్రం అందరికంటే ఆమె గొంతే పైన వినబడేది. మా నడుములకు ఎండిన సొరకాయ బుర్రలు కట్టి ఒక్కొక్కరినీ పొట్ట కింద చెయ్యి పెట్టి పట్టుకునేది.

"నీళ్ళను ఎందుకు కొడుతున్నవే? నీళ్ళు నిన్నేమన్నయి? మెల్లగ తొయ్యి. తలకాయ లేపకు. నేను పట్టుకున్న గద," అనేది.

పట్టుకున్నానంటూనే ఎప్పుడో చెయ్యి తీసేసేది. మాకు తెలిసేది కాదు.

నేను చెప్పే సంవత్సరం ఎళ్ళమాస నాడు ఒక జీపు వచ్చింది. ఎళ్ళమాస అంటే పుష్యమాసానికి ముందు వచ్చే అమావాస్య. ఆ రోజు ఊళ్ళో ఎవరి ఇంట్లోనూ పొయ్యి దగ్గర మనుషులుండరు. అందరూ వంటలు కట్టుకుని పొలాలకు పోతారు. జొన్న మోకాళ్ళు దాటి, శనగ గింజ పట్టే కాలం. సజ్జరొట్టెలు, పచ్చిశనగలూ అనపగింజలూ చేతికందిన కాయగూరలన్నీ వేసి శనగపిండితో కలిపి వండిన బజ్జికూర, కుండల్లో పుల్లటి అంబలి, నువ్వుల పొడి. భూమికి నైవేద్యం పెట్టి, పొలం చుట్టూ అన్నం చల్లి, ఆ తర్వాత దారిన పోయే వాళ్ళను కూడా పిలిచి పెడతారు. పిలిస్తే కాదనకూడదు.

మా పొలం లోయకు పక్కనే. బుగ్గ చూడటానికి దారి అడుగుతూ హైదరాబాదు నుంచి వచ్చిన భార్యాభర్తలు జీపు ఆపారు. ఆయన మెడలో కెమెరా. ఆమె నూలుచీర కట్టుకుని, పొడుగు చేతుల జాకెట్టు వేసుకుంది. మా నాయిన ఎదురుపోయాడు.

"రాండ్రి సార్, కూసోండ్రి. ఇయ్యాల పొలం కాడికి వచ్చినోళ్ళు తినకుండ పోవద్దు."

ఆయన మగవాళ్ళ పంక్తిలో కూర్చున్నాడు. ఆమె అటూ ఇటూ చూసి, దూరంగా గడ్డివాము నీడలో మాకు వీపు పెట్టి కూర్చున్న అత్త దగ్గరికి పోయింది. నేనూ వెంట పోయాను, ఆమె చెప్పులు చూడటానికి.

"నేను మీ పక్కన కూర్చోవచ్చా?" అంది ఆమె.

అత్తను ఎవరైనా మీరు అనడం నేను వినడం అదే మొదటిసారి. అత్త జరిగి చోటిచ్చింది. బుట్టలోంచి రొట్టె తీసి, చేతిలోనే పట్టుకుని ఆగింది.

"నా చేతిది తింటరా మరి?"

"ఎందుకు తినను?"

"ఏం లేదు. అడిగిన."

ఆమె రొట్టె తీసుకుంది. తింటూ తన జాకెట్టు చెయ్యి పైకి లాగి మోచెయ్యి చూపించింది. మోచెయ్యి మడతలో తామర, గోకి గోకి నల్లబడి పొక్కులు లేచి ఉంది. ఎన్ని మందులు వాడినా పోవడం లేదని చెప్పింది. నానమ్మ గరిట పట్టుకుని దూరం నుంచి ఇద్దరినీ చూస్తూ నిలబడిపోయింది.

తిన్నాక వాళ్ళను బుగ్గ దగ్గరికి తీసుకుపోయింది అత్తే. హైదరాబాదు ఆమె గోరువెచ్చని నీళ్ళలో చేతులు ముంచి కూర్చుని, చాలాసేపు లేవలేదు.

ఆ తర్వాత వాళ్ళు ఆదివారాలు వచ్చేవారు. ఆయన కొంగల ఫోటోలు తీసుకుంటూ వాగు వెంట పోయేవాడు. ఆమె మాతో పాటు ఈత నేర్చుకుంది. పెద్దామె నడుముకు సొరకాయ బుర్ర కట్టడం చూసి మేము నవ్వి నవ్వి నీళ్ళు మింగేవాళ్ళం. అత్త ఆమెకు కూడా అదే చెప్పేది, నీళ్ళను కొట్టకండ్రి అని. ఒడ్డుకొచ్చాక అత్త చేసిన వేరుశనగ కారం, రొట్టె ఇద్దరూ ఒకే గిన్నెలో తినేవాళ్ళు. ఆ చలికాలంలో అత్త ఇంట్లో కూడా పాడుకుంటూ రొట్టెలు చేసింది. నానమ్మ అది వింటూ పొయ్యి ఎగదోసేది.

ఉగాది నాటికి హైదరాబాదు ఆమె మోచెయ్యి చాలావరకు మానింది. నీళ్ళ వల్లనో, వేరే మందు వల్లనో, కాలం మారినందువల్లనో నాకు తెలియదు. ఆమె మాత్రం బుగ్గ వల్లనే అంది. చూసిన వాళ్ళందరికీ చెప్పింది. ఆమె భర్త పేపరుకు రాశాడు. రోగాలు పోగొట్టే నీళ్ళని రాసి, పిల్లలు మడుగులోకి దూకుతున్న ఫోటో వేశారు. ఆ పేపరు మా ఊరికి వచ్చిన రోజు పటేలు ఇంటి అరుగు మీద నలుగురికీ చదివి వినిపించారు. అందరూ సంతోషించారు. మా అత్త కూడా. మన ఊరు పేపర్ల పడ్డది అని ఆమే నాకు చెప్పింది.

ఎండాకాలంలో జనం వచ్చారు. మొదట సైకిళ్ళు, తర్వాత టెంపోలు, జీపులు. జహీరాబాద్ వైపు నుంచీ గుల్బర్గా వైపు నుంచీ వచ్చేవారు. దద్దుర్లు ఉన్నవాళ్ళు, గజ్జి ఉన్నవాళ్ళు, ఏ రోగమూ లేకుండా ఊరికే స్నానానికి వచ్చినవాళ్ళు, కోళ్ళు తెచ్చుకుని వండుకు తినేవాళ్ళు. పిల్లలకు పండుగ. పట్నం పిల్లల బట్టలు చూడటం, వాళ్ళు పారేసిన సోడా గోళీలు ఏరుకోవడం, ట్రాన్సిస్టరు పెట్టుకున్న వాళ్ళ పక్కన నిలబడి పాటలు వినడం. అంతకుముందు రెండేళ్ళు మా పొలంలో ఏమీ సరిగా పండలేదు. నాయిన బుగ్గ దారిలో తాటాకుల పందిరి వేసి చాయ హోటలు పెట్టాడు. మిర్చి బజ్జీలు అమ్మ వేసేది. వాటికి పిండి కలిపేది అత్తే, ఇంట్లో. నాయిన ముఖం ఆ ఎండాకాలం తేటగా ఉండేది. మా అన్నకు బీదరులో చదువు ఆపించాలనుకున్నవాడు మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

పొద్దున ఆడవాళ్ళ వేళ అనే అలవాటు మెల్లగా పోయింది. బయటివాళ్ళకు ఏం తెలుసు. మేము ఇంకా ముందు పోవడం మొదలుపెట్టాం. అప్పటికి నాకు బుర్ర లేకుండా మడుగు దాటడం వచ్చింది.

ఒక పొద్దున మేము నీళ్ళలో ఉండగానే ఒక తల్లీ కూతురూ వచ్చారు. వెంట వచ్చిన మగమనిషి దూరంగా ఆగిపోయాడు. కూతురు పెళ్ళీడు పిల్ల. కొంగు ముఖం మీదికి లాక్కుని ఉంది. గట్టు మీద కూర్చున్నాక కొంగు తీసింది. పెదవుల చుట్టూ, కనురెప్పల మీద తెల్లమచ్చలు, మా అత్తకు ఉన్నట్టే. తల్లి చిన్న సంచిలోంచి పసుపు, కొబ్బరికాయ, కొత్త తువాలు తీసి పెట్టింది. తర్వాత తలెత్తి, నీళ్ళలోంచి లేచి వస్తున్న అత్తను చూసింది.

చాలాసేపు చూసి, "నువ్వు ఈ ఊరిదానివేనా అమ్మా?" అని అడిగింది.

"ఆ, ఈ ఊరే."

"ఎన్నొద్దుల నుంచి చేస్తున్నవు ఈ నీళ్ళల్ల తానం?"

అత్త కొంగు పిండుకుంటూ ఆగింది. అబద్ధం చెప్పాలని ఆమెకు తట్టిందో లేదో నాకు తెలియదు.

"నడక వచ్చినకాడి నుంచి," అంది.

తల్లి పసుపు, కొబ్బరికాయ మళ్ళీ సంచిలో పెట్టుకుంది. పిల్ల మాత్రం లేవలేదు. కాళ్ళు నీళ్ళలో పెట్టి కూర్చుంది. తల్లి ఆ మగమనిషితో మాట్లాడటానికి పైకి పోయినప్పుడు, ఆ పిల్ల అత్త వైపు చూడకుండానే మెల్లగా అడిగింది.

"ఇంకా పెరుగుతదా అక్కా?"

"పెరుగుతది," అంది అత్త. "నొప్పి ఏం ఉండది."

ఆ పిల్ల తల ఊపింది. నీళ్ళలో కాళ్ళు ఆడిస్తూ, "మీకు ఈత మంచిగొస్తది," అంది. అంతలో తల్లి పిలిచింది. పైన వాళ్ళు వచ్చిన బండి, దాని వెనక ఇంకో బండి కూడా తిరిగి వెళ్ళిపోయాయి. రెండో బండివాళ్ళు కిందికి దిగనే లేదు.

మర్నాడు మధ్యాహ్నం, జనం పలచగా ఉన్నప్పుడు, పటేలు ఇంకో ఇద్దరు పెద్దమనుషులతో మా హోటలుకు వచ్చాడు. నేను తొట్టి దగ్గర గ్లాసులు కడుగుతున్నాను. వాళ్ళు చాయ తాగి గ్లాసులు బల్ల మీద పెట్టారు.

"మనసుల పెట్టుకోకు," అన్నాడు పటేలు. "నీ చెల్లె మంచి పిల్ల. నా బిడ్డలిద్దరికీ ఈత ఆమెనే నేర్పింది. కాని వచ్చేటోళ్ళు ఆమెను చూసి వాపస్ పోతుండ్రు. ఇన్నేండ్లు మునిగినామెకే పోలేదు, మాకేం పోతదని అంటుండ్రట."

నాయిన పొయ్యి మీద గిన్నె తుడుస్తున్నాడు. అది అప్పటికే శుభ్రంగా ఉంది.

"ఏం చెయ్యమంటరు?"

"కొన్నొద్దులు అటు రానియ్యకు. ఊరికి ఇప్పుడిప్పుడే జర మంచి అయితుంది. నీక్కూడ."

"చెప్త," అన్నాడు నాయిన.

ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళకే అందరం తినడానికి కూర్చున్నాం. పుంటికూర పప్పు. నానమ్మ వడ్డిస్తోంది. నాయిన పళ్ళెంలోకి చూస్తూ అన్నాడు.

"రేపటి నుంచి బుగ్గకు పోకు."

అత్త రొట్టె తుంచుతూ ఆగింది. "ఎవలన్నరు?"

"అందరు."

"నువ్వు?"

నాయిన ముద్ద మింగి, నీళ్ళు తాగాడు. "నేను గూడ," అన్నాడు.

నానమ్మ ఏదో అంటుందని నేను చూశాను. ఆమె ఇంకో రొట్టె తెచ్చి అత్త పళ్ళెంలో వేసింది. అంతే. అత్త ఆ రొట్టె కూడా తిన్నది. చెయ్యి కడుక్కుని, ఎప్పటిలాగే అందరి పళ్ళేలు తీసి తోమడానికి కూర్చుంది.

పొద్దున నేను లేచి, సొరకాయ బుర్రలు తీసుకుని గుమ్మంలో నిలబడ్డాను. చిన్నపిల్లలు ఇద్దరు నాకోసం బయట ఎదురు చూస్తున్నారు. "అత్తా, పోదామా?" అన్నాను.

ఆమె పిండి జల్లిస్తోంది. "నీకు వచ్చింది గద. ఇగ నాతోని ఏం పని," అంది. కోపంగా అనలేదు. నేను బుర్రలు దూలానికి తగిలించి బడికి తయారయ్యాను. ఆ చిన్నపిల్లలు కాసేపు నిలబడి వెళ్ళిపోయారు.

మా ఇంట్లో గొడవ లేదు, ఏడుపు లేదు. అత్త పెరట్లో బొక్కెనతో స్నానం చేసేది. పొలానికి పోవాలంటే లోయ దారి వదిలి, పైనుంచి చుట్టు తిరిగి పోయేది. హైదరాబాదు ఆమె ఆ తర్వాత ఒకసారి వచ్చి, బుగ్గ దగ్గర ఆ జనాన్ని చూసి, "ఇంతమంది వస్తారనుకోలేదు," అంది. అత్త కోసం ఇంటికి వచ్చింది. ఇద్దరూ పెరట్లో కూర్చుని చాయ తాగారు. అత్త ఆమెకు ఏమీ చెప్పలేదు. నేను చెప్పబోతే నా వైపు చూసింది. ఆ చూపుకు నేను ఆగిపోయాను. ఆమె పోతూ, వచ్చే చలికాలం వస్తానంది. రాలేదు.

ఆ పైన జరిగింది చెప్పడానికి పెద్దగా లేదు. బుగ్గ ముందు సిమెంటు మెట్లు కట్టారు. గుహ మూతికి ఇనుప జాలీ పెట్టారు, గబ్బిలాలు పోయాయి. బండ్లు నిలపడానికి చోటు కావాలని ఒక వైపు సీతాఫలం చెట్లు కొట్టేశారు. మడుగు మీద సబ్బు నురగ తేలుతుండేది, అడుగున షాంపూ పాకెట్లు. వాగులోకి కొంగలు రావడం ఎప్పుడు మానేశాయో ఎవరూ గమనించలేదు. మా హోటలు చూసి ఇంకో ఇద్దరు హోటళ్ళు పెట్టారు. అందరికీ నీళ్ళు కావాలి కాబట్టి పైన మెట్ట మీద బోర్లు వేశారు. చెరుకు పెట్టిన వాళ్ళు కూడా వేశారు, మా నాయిన కూడా వేశాడు. నాకు పెళ్ళయి మంగళగికి కాపురానికి పోయిన ఏడాది మడుగు మోకాళ్ళ లోతుకు వచ్చిందని విన్నాను. తర్వాత గుహలో తేమ మిగిలింది. తర్వాత అదీ లేదు.

జనం వచ్చినంత తొందరగానే మానేశారు. నాయిన హోటలు బల్లలు ఇంటికి తెచ్చి, ఒకటి పశువుల కొట్టంలో వేశాడు. అప్పుడొకసారి, నేను పుట్టింటికి వచ్చి ఉన్నప్పుడే, ఆయన అత్తతో, "ఇప్పుడు అటు ఎవలూ వస్తలేరు. నువ్వు పోవచ్చు గద," అన్నాడు. ఆయనకు అప్పటికి మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాయి, గొంతు కూడా తగ్గిపోయింది.

"ఏమున్నదని పోవాలె అన్నా," అంది అత్త. ఆయనకు చాయ ఇచ్చి లోపలికి పోయింది.

అప్పటికి ఆమె ముఖమంతా తెల్లబడింది. ఒక చెంప మీద మాత్రం చిన్న నల్లటి మచ్చ మిగిలింది. తెలియనివాళ్ళు ఆ నల్లదాన్నే మచ్చ అనుకునేవారు.

ఒకే ఒక్క ఏడు బుగ్గ మళ్ళీ ఊరింది. నేను మా అమ్మాయిని ఎత్తుకుని పుట్టింటికి వచ్చిన వానాకాలం అది. ఎడతెరిపి లేని వానలకు పాత మిద్దెలు కూలాయి, చెరుకు పడిపోయింది. వానలు కొంచెం తెరిపిచ్చాక, గొర్లు కాసేవాళ్ళు వచ్చి చెప్పారు, గుహలోంచి నీళ్ళు వస్తున్నాయనీ, సిమెంటు మెట్లు మునిగిపోయాయనీ. ఊళ్ళో పిల్లలందరూ పరుగెత్తారు. మా అన్న పిల్లలు కూడా పోయారు.

అత్త వాకిట్లో చాప మీద పెసలు ఎండబోసి, పక్కనే కూర్చుని కోళ్ళను అదిలిస్తోంది. నేను బిడ్డను ఒళ్ళో వేసుకుని ఆమె దగ్గర కూర్చున్నాను.

"అత్తా, బుగ్గ ఊరిందట."

"విన్న."

"పోదామా? పిల్లలు తప్ప ఎవలూ లేరట."

"పెసలు ఎండబోసిన. మబ్బు పడితే ఎవలెత్తుతరు?"

"అమ్మ ఉన్నది గద."

ఆమె ఒక గుప్పెడు పెసలు తీసి, వేళ్ళ మధ్య నుంచి మళ్ళీ చాప మీదికి వదిలింది. "పిల్లకు నీళ్ళు పోసినవా?" అని అడిగింది.

"పోసిన."

"సాంబ్రాణి పొగ వెయ్యి. వానాకాలం, జలుబు చేస్తది."

కొంతసేపటికి మా అన్న చిన్నకొడుకు తడిసి ముద్దై, వణుకుతూ వచ్చాడు. అత్త వాణ్ణి దగ్గరికి లాక్కుని కొంగుతో తల తుడిచింది. తుడవడం అయ్యాక కూడా ఆ తల మీద చెయ్యి కాసేపు ఉంచింది. "లోతెంతున్నదిరా?" అని అడిగింది.

"నాకందలేదు," అన్నాడు వాడు.

"ఒక్కనివి దిగకు," అంది. "పో, బట్టలు మార్చుకో."

దీపావళికల్లా బుగ్గ మళ్ళీ ఎండిపోయింది. అత్త ఆ తర్వాత కొన్నేళ్ళు బతికింది. ఆ ఏళ్ళలో మంచి వానలు కూడా పడ్డాయి, అందులోకి మాత్రం నీళ్ళు రాలేదు. ఆమె పోయాక మావాళ్ళు పొలం అమ్మారు. లోయను ఎవరో కొన్నారు. అదంతా నేను మంగళగిలో ఉండి విన్నదే.

ఇప్పుడు తలుచుకుంటే నాకు ముందుగా కనిపించేది ఆమె చరియ మీది నుంచి దూకడం కాదు. ఆ రోజు వాకిలి కనిపిస్తుంది. చెయ్యి పట్టుకుని లేపితే వచ్చేదో, లేదో. నేను అడిగింది ఒక్కసారే. బిడ్డ నిద్రపోయింది, ఇద్దరం చాప చెరో వైపు కూర్చుని పెసలలో రాళ్ళు ఏరాం. సాయంత్రం నిజంగానే మబ్బు పట్టింది. గింజలన్నీ చేటతో ఎత్తి లోపల పోశాం. వాన మాత్రం పడలేదు.